ఎసట్లో పోయకముందు తీసిన పిడికెడు

(నూజివీడులో జరిగిన కుటుంబ కూడికలో చేసిన ప్రసంగము)



క్రిస్మసు దినములలో కుటుంబము పొదుపును, ఆడంబరమును, దాతృత్వమును ఎట్లు సరిచూచుకొనవలెను అను అంశముపై మాటలాడుమని నన్ను కోరిరి. నేను వేదాంతము చదివినవాడను కాను. ముప్పది యేండ్లు బడిలో లెక్కలు చెప్పి పింఛను పుచ్చుకొనుచున్నవాడను. కావున లెక్కలతోనే ప్రారంభించెదను. తప్పున్నచోట గురువుగారు దిద్దుదురు గాక.

మన ఊరి లెక్కలో ఒక చిక్కున్నది. దిగువ డెల్టాలో క్రిస్మసు నాటికి వరికోతలు సాగుచుండును. కళ్లములో ధాన్యమును చూచుకొని అక్కడివారు పండుగ చేసికొందురు. మన మెట్టలో పంట మామిడి. చిన్నరసమైనను, పెద్దరసమైనను, బంగినపల్లియైనను డిసెంబరులో చూపునది పూతను మాత్రమే. కాయ కోతకు వచ్చి రూపాయి చేతబడుటకు ఏప్రిలు దాటవలెను. పండుగ పూతనాడు వచ్చును, డబ్బు పండునాడు వచ్చును. ఈ రెంటి నడుమ నాలుగైదు నెలల దూరమున్నది. మన కుటుంబముల కష్టసుఖములు చాలమట్టుకు ఈ దూరములోనే యున్నవి.

ఆ దూరమును మా నాయనగారు ఒక సంవత్సరము ఎట్లు దాటిరో చెప్పెదను. నాకప్పుడు పదేండ్లు. మాకు ఎకరమున్నర తోట, అందులో అరువది చెట్లు ఉండెడివి. ఆ యేడు పూత బాగుగా వచ్చినది. మా పెదనాన్నగారి ఇంట కొత్తగా పెంకుటిల్లు లేచినది. ఆ క్రిస్మసుకు మన ఇల్లు కూడ తక్కువగా కనబడరాదని నాయనగారికి తోచినది. తోట వ్యాపారి వచ్చి పూత మీదనే కాపు మొత్తము గుత్తకడిగి, అప్పటికప్పుడు బయానా చేతిలో పెట్టినాడు. నాయనగారు పుచ్చుకొనిరి.

ఆ క్రిస్మసును నేనిప్పటికిని మరువలేదు. ఇంటికి సున్నము వేసిరి. అందరికిని కొత్తబట్టలు కుట్టించిరి. వెదురుబద్దలతో మా పేటలో ఎవరికిని లేనంత పెద్ద నక్షత్రము కట్టి, రంగుకాగితములంటించి, లోపల దీపము పెట్టిరి. అరిసెలు, జంతికలు డబ్బాలకెత్తిరి. పాటల బృందము మా వాకిట అరగంట నిలిచి పాడినది. వచ్చినవారందరు భోజనము చేసి, మా నాయనగారిని మెచ్చుకొని వెళ్లిరి.

మే నెల వచ్చినది. చెట్లు కొమ్మలు వంగునట్లు కాచినవి. కాని ఒక్క కాయయు మాది కాదు. వ్యాపారి మనుష్యులు గడలతో, చిక్కములతో వచ్చి కోసి, గంపలకెత్తి బండ్లలో పంపుచుండగా మేము గట్టు మీద నిలిచి చూచితిమి. పూతనాడు తొందరపడక ఆగిన మా పక్కతోట వారికి మాకంటె ఎంతో ఎక్కువ ధర వచ్చినది. ఆవకాయ పెట్టు దినములు వచ్చినప్పుడు మా అమ్మ కొంగున ముడివేసికొన్న డబ్బు తీసికొని తోటలోనికి వెళ్లినది. తాను నీళ్లు మోసి పెంచిన చెట్టు కాయలనే వ్యాపారి దగ్గర లెక్కపెట్టి కొనుక్కొని తెచ్చినది. ఆమె ఏమియు అనలేదు. నాయనగారు ఆ పూట భోజనము చేయలేదు.

నాయనగారు చెడ్డవారు కారు. పిసినారితనము ఆయనలో లేదు. ఆయన ఖర్చు చాలమట్టుకు అతిథుల కొరకు, బిడ్డల కొరకు చేసినదే. ఐనను మా ఇంటి మే నెలను డిసెంబరులోనే తినివేసితిమి. అప్పు చేసి పప్పుకూడు అని మనవారు ఊరకే అనలేదు.

ప్రియులారా, ఇప్పుడు మొదటి క్రిస్మసు కుటుంబము లెక్కను చూతము. శిశువును దేవాలయమునకు తెచ్చినప్పుడు మరియ యోసేపులు ఏమి అర్పించిరో లూకా సువార్త 2వ అధ్యాయములో చెప్పబడినది. వారు పక్షుల జతనే అర్పించిరి. ధర్మశాస్త్రము గొఱ్ఱెపిల్లను కోరినది గాని, దానికి శక్తిలేని తల్లి గువ్వలనో పావురపు పిల్లలనో తేవచ్చునని లేవీయకాండము 12వ అధ్యాయములో సెలవున్నది. అనగా మన ప్రభువు తల్లి పేదల పట్టీలోని కానుకను చేతపట్టుకొని అందరి యెదుట నడిచినది. దావీదు వంశస్థులమనియు, దేవదూతలు ప్రకటించిన బిడ్డ అనియు తలంచి, ఎవరి యొద్దనైన అప్పు తెచ్చి గొఱ్ఱెపిల్లను కొనవచ్చును గదా! వారు కొనలేదు. సిగ్గుపడి కానుక మానుకొననులేదు. తమకున్నంతలో తెచ్చిరి, తప్పక తెచ్చిరి. ఆ పక్షుల జతలో పొదుపు, దాతృత్వము రెండును ఒకే గూటిలో ఉన్నవి.

మన సంఘములు పుట్టినది కూడ ఇట్టి కానుకలతోనే. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ స్వంత మిషనెరీ సమాజమును స్థాపించుకొని తెలుగునేలకు సేవకులను పంపిరి. ఆ పని వెనుక నిలిచినవారిలో వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు ముఖ్యులు. 1905లో సరిగా క్రిస్మసు దినమున, డిసెంబరు 25న, శ్రీరాంపూరులో జాతీయ మిషనెరీ సమాజము ఏర్పడినప్పుడును ఆయన అందులో ముందున్నవారు. భారతీయుల ధనముతో, భారతీయుల నిర్వహణలో సువార్త పని జరుగవలెనన్నది ఆ సమాజపు నియమము. 1909లో అజరయ్యగారు తామే డోర్నకలుకు వచ్చిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తరువాత కాలములో కృష్ణాతీరపు సంఘములు కూడ ఆయన అధ్యక్షమండలములో చేరినవి.

ఆనాటి సభ్యులలో ఎక్కువమంది భూమిలేని కూలీలు. వీరి యొద్ద కానుక అడుగుట న్యాయమా అని ఎవరికైనను సందేహము కలుగును. పేదవానిని ఇయ్యవద్దనుట అతనిని గౌరవించుట కాదనియు, ఇచ్చుట అతనికిని గల హక్కనియు అజరయ్యగారు నమ్మిరి. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. డబ్బులేనివారు ధాన్యము, కోడి, గ్రుడ్లు, గుమ్మడికాయ తెచ్చిరి. స్త్రీలు పిడికెడు బియ్యము తెచ్చిరి. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకలు దేవాలయమును చూచినవారు దాని స్తంభములను, గోపురములను మెచ్చుకొందురు. నాకు మాత్రము ఆ రాళ్ల వెనుక బియ్యపు పిడికిళ్లే కనబడును.

ఆ పిడికెడు బియ్యపు పద్ధతి మా అమ్మ ఇంట నేను చూచితిని. వంటయింటి మూల ఒక చిన్న కుండ ఉండెడిది. దానిని మేము ప్రభువు కుండ అనెడివారము. అమ్మ బియ్యము కొలిచి చేటలో పోసి, చెరిగి, ఎసట్లో పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసెడిది. ఆదివారము ఆ బియ్యము గుడికి వెళ్లెడిది. బియ్యము తక్కువైన దినమున పిడికిలి చిన్నదగును గాని, మానుట ఎరుగదు. మిజో కొండలలోని సంఘములు కూడ ఈ పద్ధతిని చాల కాలముగా పాటించుచు, ఆ పిడికిళ్లతోనే ఎంతో సేవ చేయుచున్నవని తెలిసినప్పుడు మా అమ్మ కుండ ఎంత పెద్దదో నాకు బోధపడినది.

ఆమె వండిన తరువాత మిగిలిన అన్నము తీసి ఇయ్యలేదు. వండకముందు బియ్యము తీసినది. అందుచేత ఆ కొరత ఇంటిల్లిపాదికిని సమముగా పంచబడినది. ఒక్కొక్కరి కంచములో నాలుగు మెతుకులు తగ్గెను గాని, ఎవరి కడుపును మాడలేదు. మా నాయనగారి బయానాయు ముందుగా తీసినదే. కాని అది రాబోవు దినముల నుండి తీసినది, చేతిలో లేనిదానినుండి తీసినది. ఇద్దరును ఒకే ఇంటివారు, ఇద్దరును ప్రేమగలవారే. ఒకరు ఉన్నదానిలో ముందు దేవుని భాగము తీసిరి. మరియొకరు లేనిదానిలో ముందు పండుగ భాగము తీసిరి.

ఇంతవరకు నాయనగారి తప్పు చెప్పితిని. ఇక నా తప్పు చెప్పకున్న న్యాయము కాదు.

ఉద్యోగము రాగానే అప్పు అను మాట మా ఇంట వినబడరాదని నేను ఒట్టు పెట్టుకొంటిని. జమాఖర్చుల పుస్తకము పెట్టి అగ్గిపెట్టె మొదలు అన్నియు వ్రాసితిని. మంచిదే. కాని క్రమముగా ఆ పుస్తకము మా ఇంటికి యజమానియైనది. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడని ఇరుగుపొరుగు నవ్వుకొనినను, దానిని పొదుపని మురిసితిని. ఒక క్రిస్మసుకు గుడి ప్రహరీగోడకు చందాలు ఎత్తుచుండిరి. నేను ఒక నెల జీతము మొత్తము వ్రాసితిని. ఆదివారము ఆరాధన చివర పేర్లు, మొత్తములు చదివినప్పుడు అందరు తలలు త్రిప్పి నా వైపు చూచిరి. నా మనస్సు నిండినది.

ఆ యేడే మా పెద్దమ్మాయికి పదకొండేండ్లు. కొత్త గౌను అడిగినది. పాత గౌను అంచు విప్పి పొడవు చేయించి వేసికొమ్మంటిని. క్రిస్మసు ఉదయమున పిల్లలందరు ముందుకు వచ్చి పాట పాడుచుండగా మా అమ్మాయి కనబడలేదు. వెదకి చూడగా వెనుక స్తంభము చాటున నిలిచియున్నది. అంచు విప్పిన చోట పాత మడత గీత తెల్లగా కనబడుచున్నది. చేతితో దానిని కప్పుకొనుచున్నది.

ఆ రాత్రి నా భార్య నాతో ఒక్క మాట అన్నది: "దేవుడికి మీరిచ్చింది మీ డబ్బు కాదండీ, దాని గౌను." అంతే. అంతకంటె పెద్ద ప్రసంగము నేను నా జీవితములో వినలేదు.

దేవునికి అర్పితమైనదని, కొర్బాను అని చెప్పి తలిదండ్రులకు చేయవలసినది మానివేసినవారిని ప్రభువు గద్దించినట్లు మార్కు 7వ అధ్యాయములో చదివెదము. ఆ గద్దింపు తలిదండ్రుల విషయమునకే పరిమితమని నేననుకొంటిని. అది బిడ్డల గౌనుకును వర్తించును. గుడిలో తెరచిన చెయ్యి ఇంటిలో మూసికొనిన యెడల అది దాతృత్వము కాదు. పేరు కొనుక్కొనుటయే. మా నాయనగారు నక్షత్రముతో పేరు కొనిరి, నేను గోడతో కొంటిని. వెల మాత్రము రెండుసార్లును ఇంటివారే చెల్లించిరి.

అట్లని ఖర్చు అంతయు పాపమనుకొనరాదు. బేతనియలో మరియ మిక్కిలి విలువగల అత్తరును ప్రభువు పాదములకు పూసినప్పుడు, అది మూడువందల దేనారములకు అమ్మి బీదలకియ్యరాదా అని అడిగినవాడు ఇస్కరియోతు యూదా. లెక్క చూచిన అతని ప్రశ్న సరియైనదే. నావంటి లెక్కల మాష్టరు కూడ అదే అడుగును. కాని ప్రభువు ఆ స్త్రీ పక్షమున నిలిచెను. ప్రేమ కొన్ని వేళల కొలత చూడదు. సంవత్సరమంతయు చాకిరి చేసిన ఇల్లాలికి ఒక మంచి చీర, దీపములు చూచి కేరింతలు కొట్టు బిడ్డకు ఒక బొమ్మ, చూపు మందగించిన తండ్రికి పెద్ద అక్షరముల పరిశుద్ధ గ్రంథము, ఇవి వ్యర్థము కావు. మనము కొనునది ఎదుటివాని ముఖమున సంతోషము చూచుటకా, చూచువారి ముఖమున ఆశ్చర్యము చూచుటకా అని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను.

ఈ దినములలో బయానా ఇచ్చు వ్యాపారి తోటకు రానక్కరలేదు. మన జేబులోని ఫోనులోనే కూర్చున్నాడు. ఇప్పుడు తీసికొనుము, నెలనెల కట్టుము అనుచున్నాడు. టీవీ, ఫోను, మోటారుసైకిలు అన్నియు పండుగ బేరములలో వాయిదాల మీద వచ్చుచున్నవి. డిసెంబరు ఆరంభమునుండియే సెమీ క్రిస్మసులు, ప్రతి కూడికకు ఒక బట్ట, ప్రతి ఇంటికి ఒక కేకు. ఇది మన ఊరిలో మాత్రమే పుట్టిన జబ్బు కాదు. 1843లో లండనులో మొదటి క్రిస్మసు కార్డులను ముద్రించి ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు అమ్మిరి. అదే 1843లో రాబర్టు నోబులుగారు మచిలీపట్నములో తమ బడిని తెరచిరి. ఒకే దేశస్థుల చేతులలో అక్కడ పండుగ అంగడి సరుకగుచుండగా, ఇక్కడ ఒక మనుష్యుడు తన జీవితమునే కానుకగా పెట్టినాడు. ఆయన 1865లో మచిలీపట్నములోనే కన్నుమూసెను. పండుగకు అంగడి దారి, కానుక దారి రెండును ఆనాటినుండి తెరచియే యున్నవి.

ఇక మా ఇంట ఇప్పుడు ఏమి చేయుచున్నామో చెప్పి ముగించెదను. ఇది గొప్ప పద్ధతి అని కాదు, దెబ్బతిని నేర్చుకొన్నది గనుక చెప్పుచున్నాను.

డిసెంబరు మొదటి ఆదివారము భోజనమైన తరువాత ఇంటిల్లిపాది చాప మీద కూర్చుందుము. పండుగకు చేతిలోనున్న రొక్కము మధ్యలో పెట్టుదుము. రాబోవునది లెక్కలోనికి రాదు. మొదట బాకీలు తీయుదుము. పాలవారికి, కొట్టువారికి, అన్నిటికంటె ముందుగా కూలివారికి ఇయ్యవలసినది ఇచ్చివేయుదుము. కూలివాని కూలి మరునాటివరకు మన యొద్ద ఉండరాదని ధర్మశాస్త్రము చెప్పుచుండగా, తోటలో మందుకొట్టినవానికి బాకీ పెట్టి, గుడిలో వానికే దుప్పటి దానము చేయుట ఎట్టి దాతృత్వము? అది వాని సొమ్ముతో వానినే ఋణస్థుని చేయుట.

రెండవది, ప్రభువు కుండ. కొనుగోళ్ల మాట ఎత్తకముందే ఆ భాగము ప్రత్యేకించుదుము. ఎంత అన్నది మా ఇంటిలో అందరు కలిసి నిర్ణయింతురు. పిల్లలు తమ కొత్తబట్టలలో దేనిని తగ్గించుకొందురో వారే చెప్పుదురు. వారి పక్షమున నేను త్యాగము చేయుట మానివేసితిని. వారంతట వారు చేసినదే వారి కానుక.

మూడవది, ఇంటివారి సంతోషము. ఒక్కొక్కరికి నిజముగా కావలసినది ఒకటి. దీనిలో నేను బేరమాడను, ఆ అధికారము నా భార్యది.

నాలుగవది, భోజనము. క్రిస్మసునాడు మా బంతిలో ఇద్దరు ముగ్గురకు స్థలముంచెదము. పండుగకు ఇంటికి పోలేని తోట కాపలాదారు, హాస్టలులో మిగిలిపోయిన దూరప్రాంతపు విద్యార్థి, పిల్లలు విదేశములలోనున్న ముసలి దంపతులు, వీరిలో ఎవరైనను రావచ్చును. వారికి పొట్లము కట్టి పంపము. పక్కన కూర్చుండబెట్టుకొని తిందుము. పొట్లము తీసికొన్నవాడు తల వంచుకొని వెళ్లును, బంతిలో కూర్చున్నవాడు మాటలాడును. వారు ఏదైనను తెచ్చిన యెడల, నాలుగు జామకాయలైనను సరే, రెండు చేతులతో పుచ్చుకొందుము. తీసికొనుట తెలియనివాడు ఇచ్చుటయు సరిగా నేర్వలేడు.

సంఘపెద్దలకు ఒక చిన్న మనవి. చందాల పేర్లను, మొత్తములను ఆరాధనలో చదువుటను గూర్చి మరల ఆలోచించుడి. లెక్క చూడగోరువారు కోశాధికారి యొద్ద పుస్తకమును చూడవచ్చును. చదివినప్పుడు నావంటివాని గర్వము పెరుగును, మా అమ్మవంటివారి పిడికిలి చిన్నబోవును. విధవరాలి రెండు కాసులను ప్రభువు చూచినప్పుడు ఎవరును ఆమె పేరు చదువలేదు.

మా పెద్దమ్మాయికి ఇప్పుడు మనుమరాలున్నది. క్రితము క్రిస్మసుకు నేనే ఆ చిన్నదానికి గౌను కొని తీసికొని వెళ్లితిని. మా అమ్మాయి ఆ గౌను అంచు త్రిప్పి చూచి నవ్వినది. "నాన్నా, దీనికి మడత గీత లేదే!" అన్నది. అందరు నవ్విరి. నేనును నవ్వితిని గాని, కన్నులు తుడుచుకొనుటకు బయటకు వచ్చితిని. నా వెనుకనే ఆమెయు వచ్చి, వంటయింటి మూలనున్న ఒక డబ్బాను నాకు చూపినది. సగము వరకు బియ్యమున్నవి. "నానమ్మ కుండ," అన్నది.

ప్రియులారా, బయట తోటలలో పూత పూయుచున్నది. ఒక్కొక్క గెలలో వందలకొలది పువ్వులున్నను కాయలై నిలుచునవి ఏ కొన్నియో. మంచు పడవచ్చును, తేనెమంచు పురుగు పట్టవచ్చును. రాబోవు మే నెల దేవుని చేతిలో నున్నది. ఈనాటి పిడికెడు మన చేతిలో నున్నది. దానిని ముందుగా తీయుదము. మిగిలినదానితో ఇంటివారందరు కలిసి సంతోషముగా పండుగ చేసికొందము.

అట్టి కృపను ప్రభువు మన కుటుంబములన్నిటికిని దయచేయును గాక. ఆమేన్.